తడిసిన కాలరు

మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది పడేలోపే ప్రియ గౌను కాలరును నోట్లో కుక్కుకుంది.

జోతిలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. ఏ పనికి కొడుతోందో ఆ పనే కళ్లెదుట మళ్లీ చేస్తోంది అయిదేళ్ల పిల్ల. నీలం గళ్ల యూనిఫాం కొని రెండు నెలలు కూడా కాలేదు. కాలరు కుడి కొన దారాలుగా ఊడిపోయి, ఎండిన ఎంగిలితో బిరుసెక్కి, మేక నమిలి వదిలేసిన ఆకులా ఉంది.

"తియ్యి. నోట్లోంచి తియ్యి. తీస్తావా లేదా?"

ప్రియ తియ్యలేదు. కళ్లు మాత్రం తల్లి చేతినే చూస్తున్నాయి. జోతిలక్ష్మి పిల్ల దవడలు నొక్కి పట్టి గుడ్డ బయటికి లాగింది. ఖాళీ అయిన ఆ నోటి మీద ఒకటి వేసింది. కింది పెదవి పంటికి తగిలి చిట్లింది.

"ఏడిస్తే ఇంకోటి పడతాది."

ప్రియ ఏడవలేదు. అసలు ఏడ్చే పిల్ల కాదు. ఎదురింటి సుబ్బమ్మాళ్ ఎప్పుడూ అంటూనే ఉంటుంది, "నీ పాప సత్తం లేని పాప, ఏడుపే వినపడదు. నువ్వు పెట్టి పుట్టినావే జోతీ. నా మనవడు ఉండాడే, వాడు నోరు తెరిస్తే అరుప్పుక్కోట్టై దాకా వినపడతాది" అని. జోతిలక్ష్మికి అప్పుడు లోపల కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఆ వీధిలో ఎవరి సద్దూ ఎవరికీ వినపడదన్నది వేరే సంగతి. తమిళనాడులో విరుదునగర్ దాటాక రోడ్డు పక్కన, తెలుగు మాట్లాడే నేతగాళ్ల వీధి అది. ఇంటికి రెండో నాలుగో పవర్‌లూమ్ మగ్గాలు. జోతిలక్ష్మి ఇంట్లో ముందు హాల్లో నాలుగు. రెండు ఆమె చూస్తుంది, రెండు మొగుడు సెల్వకుమార్ చూస్తాడు. పొద్దున్న ఏడింటికి ఆడటం మొదలుపెడితే రాత్రి ఎనిమిది దాకా ఆ ఇంట్లో మాట అన్నది ఉండదు. పిలవాలంటే లైటు రెండుసార్లు ఆర్పి వెలిగిస్తారు. అన్నానికైతే నోటి దగ్గర అయిదు వేళ్లు, దాహానికైతే బొటనవేలు. దూరంగా ఉన్నవాళ్ల మీదికి నూలు అయిపోయిన ఖాళీ కండె విసురుతారు. కోవిల్‌పట్టి నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో ఆమెకు రోజూ తలనొప్పి. ఏడాది తిరిగేసరికి సద్దు లేకపోతేనే నిద్ర పట్టని స్థితికి వచ్చింది.

హాలు వెనక కండెల గది. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టే మిషను అక్కడే ఉంటుంది. దాని ముందు సెల్వకుమార్ అక్క పాపమ్మాళ్ కూర్చుంటుంది. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చేసిన మనిషి. తల్లి లేని తమ్ముణ్ని చంకనేసుకుని పెంచింది కనక ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. ప్రియ స్కూలు నుంచి మూడున్నరకు వస్తుంది. అప్పటి నుంచి మగ్గాలు ఆగేదాకా పాపమ్మాళ్ దగ్గరే ఉంటుంది. హాల్లో తిరిగితే బెల్టులో గౌను ఇరుక్కుంటుందని భయం.

గుడ్డ నమిలే రోగం గురించి పాపమ్మాళ్ మొదటి రోజే తేల్చి చెప్పేసింది.

"కంజి రుసి అది. మన పిల్లలకి నాలికలోనే ఉంటాది. సెల్వం కూడా సిన్నప్పుడు పడుగుకి కంజి పట్టిస్తా ఉంటే కుండ నాకేవాడు."

వీధిలో అడిగినవాళ్లంతా అదే మాట అన్నారు. కనక వైద్యమంతా గంజి చుట్టూ తిరిగింది. గౌన్లకు గంజి పెట్టడం మానేశారు. ఉన్న గంజి పోయేలా వేడినీళ్లలో ఉడకబెట్టారు. ప్రియ ఉడికిన గుడ్డనూ నమిలింది. కాలరుకు వేపనూనె రాశారు. ముఖం వికారంగా పెట్టి దాన్నీ నమిలింది. చివరికి పాపమ్మాళ్ సాత్తూరు గుండు మిరపకాయలు నానబెట్టి మెత్తగా నూరింది. జోతిలక్ష్మి కాలరు చాచి పట్టుకుంటే, ఆమె చెంచాతో పూసి నీడన ఆరబెట్టింది.

ఆ గౌను వేసి పంపిన రోజు పదకొండింటికి స్కూలు నుంచి ఫోను వచ్చింది.

వెళ్లేసరికి ప్రియ కుళాయి దగ్గర కూర్చుని ఉంది. పెదాలు వాచాయి. కాలరు పట్టుకున్న చేత్తోనే కళ్లు నులుముకున్నట్టుంది, రెండు కళ్లూ మూతపడి ఉబ్బిపోయాయి. పాండిసెల్వి టీచర్ లోటాతో నీళ్లు పోస్తోంది. పాతికేళ్లు కూడా ఉండవు ఆ పిల్లకి. తలెత్తి తమిళంలో అడిగింది.

"ఎవరు పూశారమ్మా ఇది?"

"మా వదిన. గుడ్డ నమలకుండా..."

"మీకు తెలుసా?"

జోతిలక్ష్మి కొంగు కొసను కుళాయి కింద తడిపింది.

టీచర్ ప్రియను ఆయాకు అప్పగించి, తల్లిని వరండా చివరకు తీసుకెళ్లింది. "ఈ వయసులో చాలామంది నములుతారు. పళ్లు కదులుతున్నా, నిద్ర వస్తున్నా, ఏమీ తోచకపోయినా నములుతారు. చేతికి క్యారెట్ ముక్కో, దోసకాయ ముక్కో ఇస్తే సరిపోతుంది. తిట్టకుండా ఉంటే దానంతటదే తగ్గుతుంది. కానీ మీ పాప అట్లా నమలదు. నేను నెల రోజులుగా చూస్తున్నాను. ఆడుకునేటప్పుడు నమలదు, బొమ్మలేసేటప్పుడు నమలదు. నేను బోర్డు మీద గీత గియ్యడానికి స్కేలు ఎత్తితే చాలు, నోట్లో గుడ్డ ఉంటుంది."

"అంటే ఏమంటారు మీరు?"

"ఏమీ అనడం లేదు. ఒక్క వారం ఇంట్లో చూడండి. ఎప్పుడు మొదలుపెడుతుందో, అప్పుడు పక్కన ఎవరున్నారో చూడండి. కొట్టకుండా చూడండి."

దారి పొడవునా జోతిలక్ష్మి ఉడికిపోయింది. పెళ్లి కాని పిల్ల, కన్నదా పెంచిందా, తనకు నేర్పుతుందట. తనేదో పిల్లను చంపుకు తింటున్నట్టు. ఇంటికి రాగానే ఆ కోపం కూడా కలిపి ప్రియకు రెండు తగిలించింది. "టీచర్ దగ్గర ఏం సెప్పినావే?"

అయినా ఆ మాట చెవిలో ఉండిపోయింది. వారమంతా చూసింది. కొట్టడం మానలేదు గానీ చూసింది. ఒక సంగతి కనపడింది కూడా. ఆదివారం ప్రియ నమలలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాలరు పొడిగా ఉంది. సోమవారం మళ్లీ తడిసింది.

జోతిలక్ష్మి దానికి తన లెక్కలో కారణం వెతుక్కుంది. ఆదివారం మగ్గాలు ఆడవు. మగ్గాలు ఆడకపోతే దూది పొడి ఎగరదు. పొడి ఎగరకపోతే గొంతు దురద పుట్టదు. అంతే. పిల్లకు మూతికి రుమాలు కట్టించింది. ప్రియ రుమాలును నమిలింది.

*

ఆ మంగళవారం దామోదరసామి వచ్చాడు. ఆ వీధిలో సగం ఇళ్లకు నూలిచ్చి చీరలు నేయించుకునేది ఆయనే. స్కూటర్ మీంచి దిగుతూనే మడత విప్పి ఒక చీర గడప మీద పరిచాడు. మెరూన్ అంచు మూలన నాలుగు వేళ్ల మేర చిల్లులు పడి, చుట్టూ ఎంగిలి మరక.

"ఎలిక కొరికినాది అనుకొంటిని," అన్నాడు, సెల్వకుమార్ మగ్గాలు ఆపి బయటికి రాగానే. "మా ఆడది సెప్పింది, ఎలికకి ఇంత ఎంగిలి ఉంటాదా అని. ఏం సెల్వం, పాపకి కంచంలో సోరు పెట్టేది లేదా? సీర పెట్టి పెంచుతా ఉండావా?"

వాకిట్లో నిలబడ్డ ఇద్దరు ముగ్గురు నవ్వారు. సెల్వకుమార్ కూడా నవ్వాడు. "పిల్లే కదన్నా, తెలీక..." అన్నాడు. ఆయన స్కూటర్ మూల తిరిగేదాకా ఆ నవ్వు అట్లాగే ఉంచుకున్నాడు.

తర్వాత లోపలికి వచ్చి నాలుగు మగ్గాలూ వేశాడు. ఒకటి కాదు, నాలుగూ. ఆ మోత మధ్యలో నడుము బెల్టు తీశాడు.

జోతిలక్ష్మి అడ్డం పోలేదు. తండ్రి చేతి దెబ్బ ఒకటి పడితే భయమన్నా ఉంటుందని అనుకుంది. ఒకటి కాదు. అయిదు దాకా చూసి, ఆరోదానికి చెయ్యి పట్టుకుంది. బెల్టు ఆమె మోచేతికి చుట్టుకుంది. అతను విదిలించి, ఎడంచేత్తో ఆమె చెంప మీద కొట్టాడు. పెదాలు కదిలాయి. మాట వినపడకపోయినా ఏమన్నాడో ఆమెకు తెలిసింది. ఆ ఇంట్లో పెదాలు చదవడం అందరికీ వచ్చు. ఇదేనా పెంపకం అన్నాడు.

ప్రియ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. రుమాలు మొత్తం నోట్లో ఉంది. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. ముక్కు నుంచి చీమిడి, కళ్లనుంచి నీళ్లు. సద్దు లేదు. సద్దు ఉన్నా ఆ మోతలో తెలిసేది కాదు.

పాపమ్మాళ్ వచ్చి పిల్లను కండెల గదిలోకి తీసుకుపోయింది. "రా బంగారూ," అన్నట్టు పెదాలు కదిలాయి.

రాత్రి మగ్గాలు ఆగాక జోతిలక్ష్మి పిల్లకు నీళ్లు పోసి, బోర్లా పడుకోబెట్టి కొబ్బరినూనె రాసింది. వీపు మీద వెడల్పుగా లేచినవి బెల్టు వాతలు. భుజం మీద నాలుగు వేళ్లు ఆమెవే, నిన్న సాయంత్రంవి. తొడల వెనక సన్నగా, జంటలు జంటలుగా కొన్ని ఉన్నాయి. కొన్ని ఎర్రగా, కొన్ని పసుపు తిరిగి. బెల్టు అంచు తగిలి ఉంటుందనుకుంది. పసుపు తిరిగినవి పాతవని, పాతవి ఈ రోజు బెల్టువి కాలేవని ఆలోచించలేదు. ఆ ఇంట్లో అందరూ కొట్టేవాళ్లే. ఏ గుర్తు ఎవరిదని ఎవరూ అడగరు. కనపడ్డ ప్రతి దెబ్బా నాదేనేమో అనుకుని ఎవరికి వాళ్లు నూనె రాసి ఊరుకుంటారు.

*

గురువారం సాయంత్రం నాలుగున్నర. జోతిలక్ష్మి మగ్గం ఆపి, నాడె తీసి, ఖాళీ కండె మార్చబోతోంది. ఉన్నట్టుండి మిగిలిన మూడు మగ్గాలూ నీరసపడి, రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయాయి. ఫ్యాను రెక్కలు విడివిడిగా కనపడ్డాయి. కరెంటు పోయింది.

నెలకొకసారి తీసే కరెంటైతే ముందే చెప్తారు. ఆ రోజు కండెల మిషను కూడా ఆడదు, పాపమ్మాళ్ అరుగు మీద కూర్చుని సుబ్బమ్మాళ్‌తో కబుర్లు చెబుతుంది. ఇది అట్లాంటిది కాదు. ఎక్కడో ఏదో కాలింది. వీధి మొత్తం ఒక్కసారిగా మూగపోయింది. చెవుల్లో మోత ఇంకా గుంయిమంటోంది.

ఆ గుంయిమనడం సన్నగిల్లుతూ ఉంటే వెనక గదిలోంచి వినపడింది.

తప్. తప్.

గుడ్డ దులిపినట్టు ఉంది. జోతిలక్ష్మి నాడె చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడింది.

తప్. తర్వాత పాపమ్మాళ్ గొంతు, చాలా మామూలుగా, లెక్క చెబుతున్నట్టు. "కాలు కదిలిస్తే మొదట్నించి. పెట్టుకో. నోట్లో బాగా పెట్టుకో."

తప్.

అంత దెబ్బ పడుతుంటే ఏడుపు వినపడటం లేదు. అదే జోతిలక్ష్మిని నడిపించింది.

కండెల గది తలుపు తోసింది. ప్రియ గోడ వైపు తిరిగి, గౌను వెనక భాగం తన రెండు చేతులతోనే పైకి పట్టుకుని నిలబడి ఉంది. కాలరు నోట్లో ఉంది. పాపమ్మాళ్ ముక్కాలి పీట మీద కూర్చునే ఉంది. చేతిలో మిషనుకు వేసే పాత రబ్బరు బెల్టు, వేలెడు వెడల్పు, రెండు మడతలు పెట్టింది. కింద ఎర్ర కండెలూ మెరూన్ కండెలూ కలిసిపోయి పడి ఉన్నాయి. కరెంటు పోయిందన్న సంగతి అప్పుడే తెలిసినట్టు పాపమ్మాళ్ ఆగిన మిషను వైపు చూసింది. తర్వాత మరదలి వైపు చూసింది.

"ఏమి అట్ల సూస్తావు? రెండు రంగులూ కలిపేసినాది నీ కూతురు. ఇవి ఏరేదానికి నాకు రాత్రి అవుతాది."

"ఎన్ని దినాలుగా?"

"ఏంది?"

"ఎన్ని దినాలుగా ఇట్ల కొడతా ఉండావు వదినా?"

"దినాలేంది? స్కూలు పోను మొదలుపెట్టినప్పటినించి. అల్లరి సేస్తే కొట్టకుండా ముద్దు పెట్టుకుంటారా?"

"నోట్లో గుడ్డ..."

"నేనే నేర్పించినా." పాపమ్మాళ్ గొంతులో తప్పు చేసిన జాడ లేదు. "ఏడ్చుకొంటా హాల్లోకి వస్తే మీరు ఇద్దరూ మగ్గం నిలిపి సూస్తారు. పని సెడతాది. గుడ్డ కొరికితే ఏడుపు బయటికి రాదు. నా మొగుడు కొట్టేటప్పుడు నేను కొంగు కొరుక్కొని నిలబడేదాన్ని. పదకొండేండ్లు. గోడకి అవతల ఆయన తమ్ముడు సంసారం, వాళ్లకి తెలీదు. నేనేమన్నా సచ్చిపోయినానా?"

"అది గుడ్డ నములుతాదని నేను కొట్టినా." జోతిలక్ష్మి గొంతు ఆమెకే వేరేగా వినపడింది. "నువ్వు నేర్పించినావు, నేను కొట్టినా. మిరపకాయ నూరి ఇచ్చింది నువ్వే కదా. నీకు తెలుసు కదా."

"నాకేం తెలుసు, స్కూల్లో కూడా కొరుకుతాదని? ఈడ కొరుక్కోమంటే అన్ని సోట్లా కొరికితే నేనేం సెయ్యను?" పాపమ్మాళ్ లేచి నిలబడింది. "ఓయమ్మో, నువ్వు కొట్టనట్టే మాట్లాడతా ఉండావే. పెదవి పగలగొట్టింది ఎవురు? నేనా?"

జోతిలక్ష్మి చేతిలో నాడె ఉంది. జానెడున్నర కర్ర ముక్క, రెండు కొసలా ఉక్కు మొన. ఆమె దాన్ని ఎత్తడం ఆమెకు తెలియలేదు. పాపమ్మాళ్ కనుబొమ మీద తగిలాక తెలిసింది. చర్మం చీలి ఒక్క క్షణం తెల్లగా కనపడి, తర్వాత ఎర్రగా నిండింది.

"సంపేస్తా ఉండాది! ఒరే సెల్వా!"

రెండోది భుజం మీద పడింది. మూడోది పడేలోపు పాపమ్మాళ్ మరదలి జుట్టు దొరకబుచ్చుకుంది. ఎముక గట్టి మనిషి. ఇద్దరూ మిషను మీద పడ్డారు. కండెల బుట్ట తిరగబడింది. రబ్బరు బెల్టు జోతిలక్ష్మి మెడ మీద, చెవి మీద, ఎక్కడ తగిలితే అక్కడ దిగుతోంది. జోతిలక్ష్మి ఆమె చేతిని కొరికింది. నోట్లో ఉప్పగా తగిలింది.

సెల్వకుమార్ వచ్చాడు. అతనికి కనపడింది అక్క ముఖం నిండా నెత్తురు. పెళ్లాన్ని జుట్టు పట్టి లేపి గోడకు కొట్టాడు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి ఆమె మోకాలు అతని పొట్టలో దిగింది.

ఇదంతా వీధి వింది. ఏ ఇంట్లోనూ మగ్గం ఆడటం లేదు కనక, ఆమె కాపురానికి వచ్చిన తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ ఇంటి సద్దు వీధిలోకి వచ్చింది. సుబ్బమ్మాళ్ ముందు వచ్చింది, వెనక ఇంకో నలుగురు. ఎవరో సెల్వకుమార్‌ను వెనక్కి లాగారు. ఎవరో పాపమ్మాళ్ నుదుటికి తువ్వాలు నొక్కారు.

"అయ్యో, ఇంత దినాలూ సత్తం లేకుండా ఉండిన ఇల్లు!" అంది సుబ్బమ్మాళ్.

జోతిలక్ష్మి గోడ పట్టుకుని నిలబడి పిల్ల కోసం చూసింది. ప్రియ మిషనుకూ గోడకూ మధ్య సందులో ఉంది. రబ్బరు బెల్టు పాపమ్మాళ్ చేతిలోంచి జారి నేల మీద పడి ఉంది. ప్రియ దాని వైపు చూడటం లేదు. అత్తను చూడటం లేదు, తండ్రిని చూడటం లేదు. తల్లి కుడిచేతిని చూస్తోంది. అందులో నాడె ఇంకా ఉంది.

జోతిలక్ష్మి నాడె పారేసింది. ఖాళీ చెయ్యి చాచింది, ఎత్తుకోవడానికే.

ప్రియ కళ్లు గట్టిగా మూసుకుని, కాలరు మరికాస్త లోపలికి కుక్కుకుంది. తర్వాత గోడ వైపు తిరిగి గౌను వెనక భాగం పైకి ఎత్తి పట్టుకుంది.

*

పుట్టింటికి పోయే కోవిల్‌పట్టి బస్సులో ఎవరో ఆడమనిషి జరిగి చోటిచ్చింది. జోతిలక్ష్మి చెంప వాపు చూసి, "మొగుడా?" అని అడిగింది. జోతిలక్ష్మి తలూపింది. ఆమె పిల్లకు చాక్లెట్ తీసివ్వబోయింది. చెయ్యి ముందుకు రాగానే ప్రియ కాలరు అందుకుంది.

"ఏందమ్మా, గుడ్డ తింటాది?"

"మేము నేర్పించినాం," అంది జోతిలక్ష్మి.

సాత్తూరు దాటాక పిల్ల నిద్రపోయింది. నిద్రలో దవడలు వదులయ్యాయి. జోతిలక్ష్మి తడిసిన గుడ్డను బయటికి తీసి చేత్తో పిండింది. నీళ్లు వచ్చాయి.

పుట్టింట్లో తల్లి వీరమ్మాళ్ ఒక్కతే. పల్లీల కడలై మిఠాయి చేసే చోట కాగితాలు చుట్టే పనికి పోతుంది. ఒకే గోడకు అటూ ఇటూ ఇళ్లు ఉన్న వరస అది. పక్కింట్లో దగ్గితే ఈ ఇంట్లో వినపడుతుంది. కూతురి ముఖం చూసి వీరమ్మాళ్ ఏడ్చింది. పిల్ల తొడలు చూసి పాపమ్మాళ్ వంశాన్నంతా తిట్టింది. మూడో రోజు ప్రియ అన్నం కంచం తన్నేస్తే, "ఒకటి ఎయ్యి దానికి, సరిపోతాది" అని తనే చెయ్యి ఎత్తింది.

జోతిలక్ష్మి ఆ మణికట్టు పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు పగిలి ముసలిదాని చేతిలో గుచ్చుకుంది.

"నన్నే కొడతావా?"

"కొట్టను. నువ్వు కొట్టొద్దు. ఈ ఇంట్లో ఎవురూ కొట్టొద్దు."

"నిన్ను నేను కొట్టకుండానే పెంచినానా?"

"లేదు," అంది జోతిలక్ష్మి. "అందుకే."

టీచర్ చెప్పినవన్నీ ఆలస్యంగా మొదలుపెట్టింది. క్యారెట్ ముక్కలు తరిగి గౌను జేబులో పెట్టింది. తల్లి తెచ్చే మిఠాయి గట్టిగా ఉంటుంది కనక, చేతికిచ్చి నమలమంది. గుడ్డే కావాలంటే ఇది నమలమని ఉతికిన చేతిరుమాలు వేరే ఇచ్చింది. కాలరు నోట్లో కనపడినా లాగలేదు. లాగబోయిన చేతిని ఎన్నోసార్లు నడుం వెనక పెట్టుకుంది. ముందుగా పేరు పెట్టి పిలిచి, తర్వాత దగ్గరికి పోవడం అలవాటు చేసుకుంది. వెనక నుంచి వెళితే పిల్ల ఉలిక్కిపడుతుంది.

రాత్రిళ్లు పక్కన పడుకోబెట్టుకుని ఒక పాఠం చెప్పేది.

"ఎవురన్నా సెయ్యి ఎత్తితే ఏం సెయ్యాలి?"

ప్రియ దుప్పటి కొన నోటి దగ్గరికి తెచ్చుకునేది.

"అరవాలి. గుడ్డ పెట్టుకోకూడదు. నోరు తెరిసి అరవాలి. అత్త అయినా, నాయన అయినా, అవ్వ అయినా. ఏదీ, ఒకసారి అరువు సూస్తాం."

ప్రియ నోరు తెరిచేది. ఊదిన గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు.

"నేనైనా సరే," అనేది జోతిలక్ష్మి చివర్లో. ఆ మాట ప్రతిసారీ కొంచెం మెల్లగా వచ్చేది.

పదమూడో రోజు పొద్దున సెల్వకుమార్ ఫోను చేశాడు. అంతకుముందు కూడా చేశాడు, అక్క నుదుటికి కుట్లు పడ్డాయని, రెండు మగ్గాలు ఊరికే ఉన్నాయని. ఈసారి గొంతు వేరేగా ఉంది.

"తాగుబోతోడి కూతురా, ఆడ ఎవురు సోరు పెడతా ఉండారు నీకు? పాపని తీసుకొని సాయంత్రానికి రాలేదంటే, వచ్చి ఈడ్చుకొని పోతా. అక్క కాళ్లు పట్టుకొని అడిగితేనే గడప లోపలికి."

"పాప ఆ ఇంటికి రాదు."

"నా పాపని కాపాడేదానికి నువ్వెవురే? నువ్వు కొట్టలేదా? అక్క సెప్పింది అంతా. నువ్వు యోగ్యురాలివా?"

అని ఫోను పెట్టేశాడు. చెవులు గుంయిమంటున్నాయి, మగ్గాలు ఆగిన క్షణంలో లాగా. ప్రియ కొంగు పట్టుకుని లాగుతోంది. "అమ్మా, రబ్బర్ బ్యాండ్. అమ్మా. అమ్మా, రబ్బర్ బ్యాండ్ యాడ?" ఒక చేత్తో సగం వేసిన జడ పట్టుకుని ఉంది. "అమ్మా..."

జోతిలక్ష్మి తిరిగి ఒక్కటి కొట్టింది. చెంప మీద, చాచి.

తర్వాత ఆమె ఆ చేతిని చూసుకుంది. ప్రియ కూడా ఆ చేతినే చూసింది. పిల్ల వేళ్లు కాలరు దాకా పోయాయి. గుడ్డ కొన పట్టుకున్నాయి. అక్కడ ఆగాయి.

నోరు తెరుచుకుంది. మొదట గాలే వచ్చింది. తర్వాత ఎక్కడో కింద నుంచి, బొంగురుగా, ఇంతకాలం వాడని గొంతుతో ఒక కేక లేచింది. గోడలు దాటి పోయింది. ఊపిరి పీల్చుకుని ఇంకోటి.

"అమ్మ కొడతా ఉండాది! అమ్మ కొట్టేసింది!"

వీరమ్మాళ్ పొయ్యి దగ్గరి నుంచి పరిగెత్తుకు వచ్చింది. "ఏందే, ఏందే, మూయి, వీధంతా వినపడతా ఉండాది..." అంటూ పిల్ల నోటి మీద చెయ్యి పెట్టబోయింది.

"ఒద్దమ్మా. సెయ్యి తియ్యి. అరవనీ."

పక్కింటి ఆటో పాల్‌పాండి సగం గీసుకున్న గడ్డంతో, చెంప మీద నురగతో వాకిట్లో నిలబడ్డాడు. ఎదురింటి వాళ్లు తొంగి చూశారు. పిల్ల చెంప మీద నాలుగు వేళ్లు తేలుతున్నాయి. ప్రియ వేలు చాచి తల్లిని చూపిస్తూ, ఊపిరి తీసుకోవడానికి మాత్రం ఆగుతూ, అరుస్తూనే ఉంది.

"ఏమ్మా, నీకు బుద్ధి ఉండాదా?" అన్నాడు పాల్‌పాండి. "ఇంత పాపని ఇట్లనా కొట్టేది? మనిషివేనా నువ్వు?"

"అవునన్నా," అంది జోతిలక్ష్మి. "నేనే కొట్టినా."

"మళ్లీ ఈ సత్తం విన్నానంటే పోలీసుకి ఫోను సేస్తా, సెప్తా ఉండా."

"సెయ్యన్నా. విన్నప్పుడల్లా రా."

అతను చెంప మీది నురగ అరచేత్తో తుడుచుకున్నాడు. ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వాకిట్లోకి వచ్చారు. వీరమ్మాళ్ సిగ్గుతో చచ్చిపోతూ తలుపు దగ్గరికి వేయబోయింది. జోతిలక్ష్మి తలుపుకు అడ్డంగా నిలబడింది.